దశమికి రోములో ఉండాలనుకున్నాం

ఇటలీ పోవాలన్న ఆలోచన మా ఇద్దరిదీ కాదు, భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక పాత క్యాలెండర్‌ది.

మా ఆయన విగ్రహాలు చేస్తాడు. జనగామలో వరంగల్ పోయే రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు, అదే ఆయన కార్ఖానా. పెళ్లికి ముందు ఒకసారి భూపాలపల్లి బొగ్గుగని కాలనీకి తెలంగాణ తల్లి విగ్రహం చేసి తీసుకుపోయాడు. దాన్ని గద్దె మీద నిలబెట్టిన రోజు, బదిలీ మీద వెళ్లిపోతూ ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక గని ఆఫీసరు, "నీకైతే పనికొస్తది తీస్కపో" అని ఒక పెద్ద గోడ క్యాలెండర్ చేతిలో పెట్టాడట. అన్నీ ఇటలీ శిల్పాల ఫొటోలు. ఆ ఏడాది ఎప్పుడో గడిచిపోయింది. మా ఆయన మిగతా నెలలన్నీ చుట్టి అటక మీద పడేసి, ఒక్క నెల బొమ్మను మాత్రం షెడ్డు గోడకు మేకు కొట్టి తగిలించుకున్నాడు. పాలరాతి తల్లి. ఆమె ఒడిలో చచ్చిపోయిన కొడుకు.

కొత్త కోడలిగా మొదటిసారి షెడ్డు చూడబోయినప్పుడు నాకు ఎదురైన బొమ్మ అదే. నా నోరు ఊరుకోదు. "లగ్గమై పదిరోజులు గాలేదు, తీస్కొచ్చి పీనుగను జూపిస్తున్నవా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "పీనుగను గాదు, ఆమె చీర మడతలు చూడు. రాయి గది. రాయి గట్ల ఎట్ల మడతవడ్డదో ఒక్కసారి దగ్గరికెల్లి చూడాలె. చూస్తే సాలు, ఇగ నాకు వేరే కోరికే లేదు" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అంత ఆశగా చూడలేదు. మొదటి పెళ్లిరోజుకు ఆయనకు ఆ రాతిని చూపించి తీరాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. నేను ఒకటి అనుకున్నానంటే ఇక ఎవరి మాటా వినను. మా నాయిన దాన్ని మొండితనం అనేవాడు.

ఆ ఏడాది తెలంగాణ కోసం సకల జనులు సమ్మె చేశారు. నేను జనగామ దగ్గరి సర్కారు బడిలో సోషల్ టీచర్‌ను. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, బొగ్గుగనులు ఆగాయి. పొద్దున ధర్నాలో కూర్చుని, రోడ్డు మీద వంట చేసుకుని అందరితో కలిసి తిని, మధ్యాహ్నం ఇంటికి వచ్చి బడి అట్లాసు ముందు వేసుకునేదాన్ని. ఇటలీ బూటులా ఉంటుందని ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. కానీ ఆ బూటు మీద మా కాళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో ఎంచుకోవడం వేరు. రోములో దిగాలి. అక్కడి నుంచి రైల్లో ఫ్లోరెన్సు, ఆ తర్వాత నీళ్ల మీద ఉండే వెనిస్. తిరుగుదారిలో పడమటి తీరం, పాలరాయి తవ్వే కొండల కింది ఊరు ఒకటి ఉందని నెట్ సెంటర్‌లో చదివాను. కొండలు ఆయనకు, కొండల కింది సముద్రం నాకు. అప్పటిదాకా నేను సముద్రం చూడలేదు.

మా నాయినకు మానుకోటలో కిరాణా దుకాణం. ఫోన్‌లో ఇది విని ఆయన పకపకా నవ్వాడు. "సముద్రం జూడటానికి ఇటలీ దాకనా బిడ్డా? రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విశాఖపట్నంల ఉంటరు."

"ఆడికి పోతే మనం నోరు తెరవంగనే నవ్వుతరు మామా," అని మా ఆయన పక్క నుంచి అందుకున్నాడు. "ఇటలీలనైతే మనమేం మాట్లాడినా వాళ్లకు ఒక్కటే."

మా నాయిన అడ్డు చెప్పలేదు గానీ ఒక్క షరతు పెట్టాడు. "తారీకులు ఇంగ్లీషోళ్లవి. మీ లగ్గం వైశాఖ దశమి నాడు అయింది. పెండ్లిరోజు దశమి నాడే చేసుకోవాలె. గా దినం ఏ ఊర్ల ఉన్నా సరే, ఇద్దరు కలిసి దేవునికి దండం పెట్టుకోన్రి." పంచాంగం చూస్తే దశమి మా పెళ్లి తారీకు కన్నా పదకొండు రోజులు ముందే వస్తోంది. అదీ మంచిదే అయింది, బడికి ఎండాకాలం సెలవులు మొదలయ్యాక సరిగ్గా కుదిరింది. దశమి నాడు రోములో, ఆ పాలరాతి తల్లి ముందు ఉండేటట్టు టికెట్లు తీసుకున్నాం. వీసాకని హైదరాబాదు పోయినప్పుడు, కాగితంలో రాష్ట్రం అన్నచోట ఆంధ్రప్రదేశ్ అని రాయడానికి మా ఆయన కలం కదల్లేదు. "రాయి, పాస్‌పోర్టుల గదే ఉన్నది, తర్వాత కొట్లాడుదువు" అని మోచేత్తో పొడిచి రాయించాను. వీసా వచ్చింది.

విగ్రహం పని వచ్చింది ఆ తర్వాతే.

రఘునాథపల్లి దగ్గరి ఒక పల్లె నుంచి ఉద్యమ కమిటీవాళ్లు ఒక ఫ్లెక్సీ చుట్ట పట్టుకుని వచ్చారు. కిందటేడు సభకు పోతున్న లారీ బోల్తాపడి వాళ్ల ఊరి పిల్లవాడు చనిపోయాడు. ఇంటరు చదువుతున్న పిల్లవాడు. ఏడాది తిరిగే నాటికి ఊరి మూలమలుపులో గద్దె కట్టి ఛాతీ వరకు విగ్రహం పెట్టాలని వాళ్ల కోరిక. ఫ్లెక్సీ మీద చనిపోయిన తారీకు పెద్ద అక్షరాల్లో ఉంది. అది చూసి మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది మా పెళ్లి తారీకే.

మా పెళ్లి నాడు పెళ్లివారి బస్సు మానుకోటకు ఆలస్యంగా చేరింది. రఘునాథపల్లి దగ్గర రోడ్డు ఆగిపోయిందని, ఏదో లారీ పడ్డదని అన్నారు. "లగ్నం దాటలేదు, అదే పదివేలు" అని మావాళ్లంతా ఊపిరి పీల్చుకుని బంతిలో కూర్చున్నారు. ఆ లారీ ఇదేనన్నమాట. మా ఆయన కిటికీలోంచి రోడ్డు పక్కన మూగిన జనాన్ని చూశాడట, ఎవరికో జెండా కప్పుతున్నారట. నాకు అప్పటిదాకా చెప్పలేదు. ఆ పనికి ఆయన బేరమే ఆడలేదు.

లెక్క తేలికగానే కుదిరింది. ప్రయాణానికి ముందు మట్టి బొమ్మ చేసి, అచ్చు తీసి పెట్టాలి. వచ్చాక ఫైబర్ పోత పోసి, రంగు వేసి, ఆ తారీకుకు అప్పజెప్పాలి. ఎక్కడ తప్పామంటే, రెండూ ఒకేరోజు జరిగినవి. మా సంబరానికి దశమి లెక్క పెట్టుకున్నాం. వాళ్ల చావుకు తారీకు లెక్క పెట్టాం. పిల్లలకు క్యాలెండర్ల చరిత్ర చెప్పే నాకు గానీ, పంచాంగం చూడకుండా విగ్రహానికి కళ్లు దిద్దని ఆయనకు గానీ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని తోచలేదు.

మట్టి బొమ్మ అయ్యాక, అచ్చు తీయకముందు, ఇంటివాళ్లను పిలిచి పోలిక చూపించడం మా ఆయన పద్ధతి. వాళ్లు సరే అన్నాకే ప్లాస్టర్ కలుపుతాడు. ఆ పోలిక చూసుకోవడానికి పిల్లవాడి తల్లి వచ్చింది, వెంట ఆమె తమ్ముడు. సన్నగా, నల్లగా, కాళ్లకు చెప్పులు లేకుండా ఉందామె. మా ఆయన తడి గోనెపట్టా తీశాడు.

"మంచిగున్నది," అన్నాడు తమ్ముడు. "ఫ్లెక్సీల ఉన్నట్టే ఉన్నడు."

తల్లి చాలాసేపు చూసింది. "గీ పిలగాడు ఎవలు?" అంది.

నాకు ముందు కోపం వచ్చింది. ఎన్నో రోజుల పని అది. కానీ ఆమె మాటలో తప్పులేదు. ఆ ఫ్లెక్సీ ముఖం హాల్‌టికెట్టు ఫొటోను పెద్దది చేసి, తెల్లబరిచి, ఎవరిదో కోటు అతికించినది. ఇక తల వెనుక ఎట్లా ఉండేదో ఏ ఫొటోలోనూ లేదు. మా ఆయన తోచినట్టు గుండ్రంగా చేశాడు. ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని మట్టితల వెనుక అరచెయ్యి ఆనించింది.

"ఎనక గిట్ల గుండ్రం లేకుండె కొడుకా. సపాటుగ ఉండె. పసిగున్నప్పుడు చేన్ల చెట్టుకింద ఎల్లెలకల పండవెట్టి కలుపుకు పోతుంటి. ఒక్కతీరుగ పండి పండి సపాటైంది. తలంటినప్పుడల్ల నా చెయ్యి గా సపాటు మీదనే ఆగుతుండె."

"మారుస్త అవ్వా," అన్నాడు మా ఆయన.

"దశమికి అయితదా?"

తమ్ముడు కల్పించుకున్నాడు. "దశమికి గాదక్కా, కమిటోళ్లు తారీకు జెప్పిన్రు. ఆ తారీకు నాడు సభ పెడుతరట."

"తారీకు ఎవలిది? నా కొడుకు దశమి నాడు పోయిండు. యాడాది దశమి నాడే. గా దినం బంతిల వాని ఆకు ముందట వాడు ఉండాలె గదా." అని, మా ఆయన వైపు తిరిగి, "అయితదా కొడుకా?" అంది మళ్లీ.

మా నాయిన మాట నాకు చెవుల్లో మోగింది. దశమి. మేం రోములో ఉండాల్సిన రోజు.

షెడ్డులో ఒక మూల ఫైబర్‌తో చేసిన తెలంగాణ తల్లి చెయ్యి ఒకటి ఆరబెట్టి ఉంది. ఆమె దాన్ని తాకబోతే అది కదిలి దొర్లింది. తీసి పట్టుకుని, "గింత అల్కగుంటదా?" అని అడిగింది. లోపల బోలుగా ఉంటుందని మా ఆయన చెప్పాడు. ఆమె దాన్ని మెల్లగా కింద పెట్టి, తమ్ముడి వెంట బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది.

వాళ్లు అట్లా పోయారో లేదో, మా ఆయన రెండు చేతులతో ఆ మట్టి ముఖాన్ని పట్టుకుని ముద్దగా పిసికేశాడు. ఆయన చూసింది నా వైపు కాదు. కానీ జవాబు నాకే.

నేను ఊరుకోలేదు. తిథి నాడు ఇంట్లో వాళ్లు పెట్టుకోవలసింది పెట్టుకుంటారు, విగ్రహం తారీకుకు ఇస్తే చాలు, కమిటీతో మాట్లాడుకున్నది అదే కదా అన్నాను. టికెట్ల డబ్బులు తిరిగి రావన్నాను. ఆయన మాట్లాడకుండా మట్టికి నీళ్లు చల్లుతుంటే ఒళ్లు మండిపోయింది. "పోయినోడు యాడికి పోతడు? విమానమైతే ఆగదు గదా!" అనేశాను.

ఆయన తల ఎత్తాడు. "సిమెంటుల పోస్త," అన్నాడు. "ఫైబర్ వద్దు. సిమెంటైతే పోసినంక రోజూ నీళ్లు పట్టాలె, ఆగమాగం చేస్తే పగులుతది. దశమికి కావాలంటే ఇయ్యాల్నుంచే కూసోవాలె." ఇటలీ మాట ఆయన ఎత్తలేదు. వస్తాననీ రాననీ చెప్పలేదు. అది తేల్చే పని నాకు వదిలేశాడు.

రెండు రోజులు నేను షెడ్డు ముఖం చూడలేదు. సూట్‌కేస్ కొనడానికి బజారుకు పోయాను, కావాలనే పోయాను. పెద్దది, చక్రాలున్నది, ఎర్రది కొన్నాను. మూడో రోజు అన్నం క్యారియర్ ఇవ్వడానికి షెడ్డుకు పోక తప్పలేదు. పిల్లవాడి తల్లి అక్కడే ఉంది. పొద్దుటి బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోతోందట. మా ఆయన మట్టి పెడుతుంటే ఆమె కళ్లు మూసుకుని తల వెనుక చెయ్యి ఆనించి, "జర లోపటికి," "ఊఁ, గంతే," అంటోంది. చెవి దగ్గర, మెడ మీద, ఎక్కడ ఎముక తగిలేదో చేతితోనే చెబుతోంది. ముఖం ఎట్లా ఉండేదో మాత్రం చెప్పలేకపోతోంది. అడిగితే, "మంచిగుండె" అంటోంది. అంతకు మించి మాట రావట్లేదు.

నేను క్యారియర్ దింపుతుంటే ఆమె గోడ మీది బొమ్మను చూసింది.

"గామె ఎవలు బిడ్డా?"

"ఏసుప్రభు తల్లి, అవ్వా."

"ఒడిల ఉన్నది కొడుకేనా? సచ్చిపోయిండా?"

"అవునవ్వా."

ఆమె లేచి దగ్గరికి పోయింది. ఎండకు వెలిసిపోయిన కాగితం అది.

"గామెకు ఇచ్చిన్రు," అంది. "నాకు ఇయ్యలే బిడ్డా. దవాఖాన్ల కెల్లి జెండ గప్పి తెచ్చిన్రు. లారీ మీదికెల్లి దించనే లే. ఊరంత జనం, నినాదాలు. అందరు వాన్ని మొక్కవట్టిరి. నేను ఒక్కపారి ఒడిల వెట్టుకుంట అంటే యాల్లయితున్నది అవ్వా అని మొకం జూపిచ్చి తీస్కపోయిన్రు. అంత పెద్ద పెద్దోళ్లు వచ్చిరి, నేనేమంటా?"

నేను క్యారియర్ కింద పెట్టి, ఆమె పక్కకు పోయి బొమ్మ వైపు చూశాను. ఆ బొమ్మను నేను దాదాపు ఏడాదిగా చూస్తున్నాను. చీర మడతలు చూశాను, రాయి చూశాను, రోములో దాని ముందు ఎక్కడ నిలబడి ఫొటో దిగాలో కూడా చూసిపెట్టుకున్నాను. కొడుకును ఆమె ఒడికి ఇచ్చారన్న సంగతి మాత్రం చూడలేదు. నాకు సిగ్గు వేసింది, దుఃఖమూ వచ్చింది.

అక్కడి నుంచి తిన్నగా నెట్ సెంటర్‌కు పోయి, హోటళ్లు, రైళ్లు, విమానం అన్నీ నేనే రద్దు చేశాను. ఫ్లోరెన్సు దగ్గర చెయ్యి ఆగలేదు, వెనిస్ దగ్గరా ఆగలేదు. తీరం ఊరి హోటల్ దగ్గర ఆగింది. ఆ గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని రాసి ఉంది. కాసేపు చూసుకుని, అదీ తీసేశాను. మా ఆయనకు చెబితే "సరే" అన్నాడు. అంతకన్నా ఏమన్నా నేను తట్టుకునేదాన్ని కాదు.

ముఖానికి మా ఆయన ఫ్లెక్సీని పక్కన పడేసి, తెల్లబరచని అసలు ఫొటోనే తెప్పించుకుని దిద్దాడు. తర్వాత రోజులు సిమెంటు రోజులు. అచ్చు విప్పినప్పుడు ముఖం బయటపడితే తల్లి ఏడవలేదు. తల వెనుక చెయ్యి పెట్టి, "వచ్చిండు" అంది. సెలవులు మొదలయ్యాయి కాబట్టి నీళ్లు పట్టే పని నేను తీసుకున్నాను. గోనెపట్టా ఎండితే మళ్లీ తడపాలి, జనగామ ఎండలకు అది ఇట్టే ఎండిపోతుంది. కమిటీవాళ్లు వచ్చి సభ తారీకు నాడే పెడతామన్నారు. "పెట్టుకోన్రి," అన్నాడు మా ఆయన, "పిలగాడు మాత్రం దశమికి ఇంట్ల ఉంటడు." మా నాయినకు ఫోన్ చేసి ప్రయాణం లేదని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. "దశమి నాడు చావింటికి పోవద్దంటరు," అన్నాడాయన. "అయినా పోన్రి."

నవమి నాటి పొద్దున తమ్ముడు ట్రాలీ ఆటో తెచ్చాడు. వెనుక గడ్డి పరిచి, దాని మీద గోనెసంచులు వేశాడు. విగ్రహాన్ని వెల్లకిలా పడుకోబెట్టి తాళ్లతో కట్టాలని మా ఆయన చెబుతుండగానే ఆ తల్లి ట్రాలీ ఎక్కింది. గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చుని, కొంగు సర్దుకుని, రెండు చేతులూ చాపింది.

"ఈడ పెట్టున్రి."

"సిమెంటు అవ్వా, మస్తు బరువుంటది. కాళ్లు తిమ్మిరెక్కుతయి," అన్నాడు మా ఆయన.

"ఎక్కనీ కొడుకా."

నలుగురు పట్టి ఎత్తి, మెల్లగా ఆమె ఒడిలో దించారు. ఆ బరువుకు ఆమె ఒక్కసారి ఊపిరి బిగబట్టింది, తర్వాత వదిలింది. తాళ్లు వద్దంది. ఒక చెయ్యి ఛాతీ మీద వేసి, ఇంకో అరచెయ్యి తల వెనుక ఆ చదునులోకి జొనిపింది. ట్రాలీ కదిలి రోడ్డు ఎక్కింది. షెడ్డు ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరితే ఆమె వంగి ఆ తలను గుండెకు అదుముకుంది. కొంగు జారి సగం మడతలుగా విగ్రహం మీద పడింది. ఆమె సర్దుకోలేదు.

మా ఆయన ఒళ్లంతా సిమెంటు దుమ్ముతో రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. బండి రఘునాథపల్లి వైపు మళ్లి కనబడకుండా పోయేదాకా చూశాడు. ఇటలీ గురించి ఏదో ఒకటి అనాలని, కనీసం వచ్చే ఏడాది పోదామని అయినా చెప్పాలని నేను పక్కకు వెళ్లాను. నేను నోరు తెరవకముందే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన," అన్నాను. రోడ్డు మీదనే, అందరూ చూస్తుండగానే, ఇద్దరం ఏడ్చాం.